రెండుసార్లు చెక్కిన పలక

లండన్‌లో ఆఫీసు పని అంటే మన సైబరాబాద్ వాళ్లలో చాలామందికి కేనరీ వార్ఫ్ గుర్తొస్తుంది. పెద్ద బ్యాంకుల అద్దాల మేడలు అక్కడున్నాయి. ఆ బ్యాంకుల సాఫ్ట్‌వేర్ చూసుకునే మనుషులు మాదాపూర్‌లోనూ, నానక్‌రామ్‌గూడలోనూ ఉన్నారు. ప్రాజెక్టు మొదలయ్యేటప్పుడో, ఒక పెద్ద రిలీజ్ ముందో వారం పది రోజులకు పిలుస్తారు. పగలంతా మీటింగులు, సాయంత్రం హైదరాబాద్ టీమ్‌కు మెయిళ్లు. ఊరు చూడటానికి మిగిలేది ఒకటి రెండు సాయంత్రాలు, ఒక శనివారం. ఆ కాస్త సమయంలో లండన్ ఐ, టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్, మైనపు బొమ్మల మ్యూజియం అన్నీ చుట్టేసి, ఫొటోలు తీసుకుని, అలసిపోయి విమానం ఎక్కుతారు.

ఏం చూడాలని అడిగేవాళ్లకు నేను చెప్పే మాట ఒకటే. శుక్రవారం పని కాగానే ఎలిజబెత్ లైన్ రైలెక్కండి. నాలుగో స్టేషన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్. అక్కడ దిగి కాసేపు నడిస్తే బ్రిటిష్ మ్యూజియం. మిగతా రోజుల్లో సాయంత్రం 5 గంటలకే తలుపులు మూస్తారు కానీ శుక్రవారం 8:30 దాకా తెరిచే ఉంటుంది. శాశ్వత గ్యాలరీలకు టికెట్ లేదు. ఈజిప్టు మమ్మీల దగ్గర గుంపు ఉంటుంది, అటు వెళ్లకండి. చైనా, దక్షిణాసియా వస్తువులుండే 33వ నంబరు గ్యాలరీకి వెళ్లి, దాని చివర అద్దాల వెనక ఉన్న 33ఎ గది దగ్గర ఆగండి. ఆ గదిని కొన్ని వేళల్లో మూసి ఉంచుతారు కాబట్టి బయల్దేరేముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోవడం మంచిది. లోపల ఉన్నది అమరావతి. గుంటూరు నుంచి బస్సులో గంట దూరంలో, కృష్ణ ఒడ్డున ఉన్న మన అమరావతి మహాస్తూపం రాళ్లు. 120కి పైగా ముక్కలు ఈ మ్యూజియంలో ఉన్నాయి.

మన వాళ్లు చాలామంది లండన్‌లో కోహినూర్ చూడాలంటారు. టవర్ ఆఫ్ లండన్‌లో దాని ముందు వరసలో నిలబడతారు. అదీ కృష్ణ ఒడ్డుదే, కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు. కానీ ఆ వజ్రంలో మన మనిషి చేతి పని ఇప్పుడేమీ మిగల్లేదు. 1852లో లండన్‌లోనే దాన్ని మళ్లీ సానపట్టి 191 క్యారెట్ల నుంచి 105.6 క్యారెట్లకు తగ్గించారు. ఇవాళ మనం చూసే మెరుపు ఐరోపా సానపట్టేవాళ్లది. అమరావతి పలకల మీద మాత్రం ఉలి పెట్టిన చెయ్యి కృష్ణాతీరపుదే. ఆ చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ లోతుకు దిగిందో, ఎక్కడ కావాలని రాయిని ఖాళీగా వదిలిందో ఇప్పటికీ కనిపిస్తుంది. ఒక్క సాయంత్రమే ఉంటే ఆ చేతికే ఇవ్వాలి.

గదిలోకి వెళ్లగానే ఒక చిక్కు ఎదురవుతుంది. పలకలన్నీ గోడల వెంట నిలబెట్టి ఉంటాయి. ఏ ముక్క ఎక్కడిదో తెలియకపోతే అంతా ఒకేరకం బొమ్మల గుంపులా కనిపించి, రెండు నిమిషాల్లో కళ్లు అలసిపోతాయి. అందుకని ముందు స్తూపాన్ని మనసులో కట్టుకోవాలి. నేల మీద సుమారు 50 మీటర్ల వ్యాసంతో గుండ్రటి పీఠం, దాని పేరు మేధి. దాని మీద అర్ధగోళం, అది అండం. పైన హర్మిక అనే చిన్న చతురస్రపు ప్రాకారం, ఛత్రాలు. నాలుగు దిక్కులా మేధి నుంచి ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు, ఒక్కో వేదిక మీద అయిదేసి స్తంభాలు. బుద్ధుడి జీవితంలోని అయిదు ఘట్టాలకు, అంటే పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానం, తొలి బోధ, నిర్యాణాలకు అవి గుర్తులని చెబుతారు. ఈ ఆయకస్తంభాలు ఆంధ్ర స్తూపాల ప్రత్యేకత, సాంచీలో కనిపించవు. వీటన్నిటి చుట్టూ రాతి ప్రాకారం. దానికీ మేధికీ నడుమ ప్రదక్షిణ దారి, వెడల్పు సుమారు నాలుగు మీటర్లు.

ఆ నాలుగు మీటర్ల దారిని గుర్తుపెట్టుకోండి. అమరావతి శిల్పులు చేసిన ప్రతి నిర్ణయానికీ అదే కొలత. చూసేవాడు ఎక్కడుంటాడు, ఎంత దూరంలో ఉంటాడు, ఎటు నడుస్తుంటాడు, ఎంతసేపు ఆగుతాడు అన్నది తెలుసుకుని ఉలి పట్టారు వాళ్లు. నాకు ఈ పనిలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. బొమ్మ అందంగా చెక్కగలవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. నడిచే మనిషి కంటికి, అతని అడుగుల వేగానికి సరిపోయేలా వందల పలకలను ఒక్క తీరుగా తీర్చడం వేరే స్థాయి పని.

ప్రాకారంతో మొదలుపెడదాం. గదిలో దాని భాగాన్ని మళ్లీ నిలబెట్టి కూర్చారు కాబట్టి నిర్మాణం తేలిగ్గా అర్థమవుతుంది. నిలువు స్తంభాలు, రెండు స్తంభాల మధ్య మూడు అడ్డకమ్మీలు, అన్నిటి మీద బరువుగా పరచిన పై దిమ్మెలు. అడ్డకమ్మీలను సూచులనీ, పై దిమ్మెను ఉష్ణీషమనీ శిల్పశాస్త్రం చదివినవాళ్లు అంటారు. ఒక్క చుక్క సున్నం లేకుండా రాయిని రాయిలోకి దింపి బిగించిన కట్టడం ఇది. సూచి నిలువుకోత చూస్తే మధ్యలో ఉబ్బి, పైనా కిందా సన్నబడుతుంది. స్తంభం పక్కన అదే ఆకారంలో గాడి తవ్వి ఉంటుంది. సూచి కొనను ఆ గాడిలోకి దింపి, తర్వాతి స్తంభాన్ని దానికి ఆనించి, పైన ఉష్ణీషం బరువు మోపితే ఇక కదలదు. చెక్క పనివాళ్లు కంచెలు కట్టే పద్ధతి ఇది. రాతి పనివాళ్లు దాన్ని తీసుకుని, చెక్కకు లేని బరువును తమకు అనుకూలంగా మార్చుకున్నారు. గుండ్రంగా తిరిగే ప్రాకారంలో ప్రతి సూచి కొలతా ఒక్కలా ఉండాలి, లేకపోతే వలయం ముగిసే చోట రాళ్లు కలవవు. ఆ పాతకాలంలోనే, చేతికొలతలతో, దాదాపు అరవై మీటర్ల వ్యాసమున్న వలయాన్ని కలిపారు.

ఇప్పుడు ఆ ప్రాకారం రెండు ముఖాలూ చూడండి. బయటివైపు ప్రతి స్తంభానికీ మధ్యలో ఒక పూర్తి పద్మం, పైనా కిందా సగం పద్మాలు. సూచుల మీద కూడా పద్మాలే. పైనున్న ఉష్ణీషం మీద బరువైన పూలమోకును భుజాల మీద మోసుకుంటూ వరసగా మనుషులు. దూరం నుంచి స్తూపం వైపు నడిచి వచ్చేవాడికి ముందు కనిపించేది ఈ వైపే. అంత దూరం నుంచి కథ చదవలేడు, పద్మాల లయ మాత్రం అందుతుంది. అందుకే ఇక్కడ పెద్ద ఆకారాలు, ఒకే వరస, ఒకే పాట. అలాగని చేతికొచ్చినట్టు చెక్కేయలేదు. దగ్గరికి వెళ్లి ఒక్కో పద్మం అంచు చూస్తే రేకుల చుట్టూ తిరిగే లతల్లో తేడాలున్నాయి. పూలమోకు మోసేవాళ్లను చూడండి. మోకు కిందికి జారినచోట నడుము వంగుతుంది, పైకి లేచినచోట భుజం ఎగదన్నుతుంది. రాతిలో చెక్కిన పూలదండకు బరువుందని ఆ శరీరాలు చెబుతాయి.

ద్వారం దాటి లోపలికొస్తే సంగతి మారుతుంది. భక్తుడు ఇప్పుడు ఆ నాలుగు మీటర్ల దారిలో ఉన్నాడు. రాయి చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది. ప్రాకారం లోపలి ముఖం మీద, బయటివైపు పద్మం ఉన్నచోటే, ఆ గుండ్రటి చట్రంలోనే కథలు మొదలవుతాయి. జాతక కథలు, రాజసభలు, ఏనుగులు, నాగులు, అంతఃపురాలు, నగర ద్వారాలు. ఒక్కో చట్రంలో పది పదిహేను మంది మనుషులు. బయట విడివిడిగా ఉన్న లయ లోపల కిక్కిరిసిన జీవితమవుతుంది. దూరానికి పద్మం, దగ్గరకు కథ. ఈ విభజన ఏ ఒక్క శిల్పి ఇష్టాయిష్టాలతోనో జరిగేది కాదు. మొత్తం కట్టడాన్ని తలలో పెట్టుకున్న మేస్త్రి ఎవరో ముందుగా గీసి ఇచ్చి ఉండాలి.

ఆ గుండ్రటి చట్రాల్లో మనుషులను ఇమిడ్చిన తీరును కాసేపు చూడాలి. గుంపును చెక్కమంటే తెలియని చెయ్యి తలలను వరసలుగా పేర్చుతుంది. అమరావతి చెయ్యి ఒకరిని వెనక నుంచి చూపిస్తుంది, ఒకరిని మోకాళ్ల మీద వంచుతుంది, ఒకరి మోచేతి సందులోంచి ఇంకొకరి ముఖం కనిపించేలా చేస్తుంది. జడ పాయలు అల్లినట్టు శరీరాలు ఒకదాని కిందికి ఒకటి వెళ్లి మళ్లీ పైకి వస్తాయి. ఎవరి కాలు ఎవరిదో వెతికితే తప్పకుండా దొరుకుతుంది. రాయి లోతు కొన్ని అంగుళాలే. అందులో ముందు వరస, నడిమి వరస, వెనక వరస మూడూ ఉన్నాయి. ముందున్నవాళ్లు దాదాపు రాతి నుంచి విడివడి నిలుస్తారు. వెనకున్నవాళ్లు గోరుతో గీసినంత పలుచగా ఉంటారు. సన్నటి నడుములు, పొడవాటి కాళ్లు, ఎప్పుడూ ఏదో ఒకవైపు వాలి ఉండే దేహాలు. కథలో మహారాజు కూర్చునే ఉన్నా చుట్టూ గాలి కదులుతున్నట్టే ఉంటుంది.

నా మట్టుకు నేను ఎక్కువసేపు నిలబడేది మాయాదేవి పలక దగ్గర. ఇది మేధికి తొడిగిన పలక. నాలుగు గళ్లు, నాలుగు ఘట్టాలు. పైన కుడివైపు గడిలో మాయాదేవి నిద్రపోతోంది, ఆమె కల కంటోంది, చుట్టూ దేవతలు కాపలా ఉన్నారు. పైన ఎడమ గడిలో రాజు ముందు కూర్చున్న జ్ఞాని ఆ కలకు అర్థం చెబుతున్నాడు. కింద కుడివైపు ప్రసవం. మాయాదేవి చెట్టు కింద నిలబడి, ఒక చెయ్యెత్తి కొమ్మ పట్టుకుంది. పక్కనే దేవతలు పొడవాటి వస్త్రం పట్టుకుని ఉన్నారు. బిడ్డ లేడు. వస్త్రం మీద చిన్న పాదముద్రలున్నాయి. కింద ఎడమవైపు ఆ వస్త్రాన్ని చేతుల్లో పెట్టుకుని ఒక స్త్రీ శాక్యుల కులదేవత అయిన యక్షుడి దగ్గరికి తెచ్చింది. అలవాటు ప్రకారం బిడ్డ దేవుడికి మొక్కాలి. ఇక్కడ యక్షుడే చేతులు జోడించి ముందుకు వంగాడు. ఆ స్త్రీ చేతుల్లోనూ బిడ్డ లేడు, వస్త్రం మీద పాదాల గుర్తులే.

పాత పద్ధతిలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపేవారు కాదు. ఖాళీ సింహాసనం, బోధివృక్షం, పాదాలు, చక్రం, వీటితోనే ఆయన ఉన్నాడని చెప్పాలి. ఆ నియమానికి లోబడి ఈ శిల్పి ఏం చేశాడో చూడండి. పసిబిడ్డ బరువును మోస్తున్నట్టే వస్త్రాన్ని దేవతల చేతుల మధ్య చెక్కాడు. వాళ్ల చూపులన్నీ దాని వైపే తిప్పాడు. కంటికి కనిపించని బిడ్డ చుట్టూ కనిపించే మనుషులందరూ అచ్చం బిడ్డ ఉన్నప్పటిలాగే మెలగుతున్నారు. అందుకే ఆ పాదముద్రలు చూసేసరికి చూసేవాడి గుండెలో బిడ్డ పుడతాడు. నాకు తెలిసిన శిల్పాల్లో లేనివాణ్ణి ఇంత సున్నితంగా చూపించినది ఇంకొకటి లేదు.

ఈ పలకలో కథ కుడి నుంచి ఎడమకు ఎందుకు నడుస్తుందని చాలామంది అనుకోవచ్చు. మనం ఎడమ నుంచి చదవడం అలవాటైన వాళ్లం, బ్రాహ్మీ లిపి కూడా ఎడమ నుంచే. జవాబు ప్రదక్షిణలో ఉంది. స్తూపాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని నడవాలి. అలా నడిచేవాడు మేధి వైపు తిరిగితే అతని అడుగులు ఎడమవైపుకు సాగుతాయి. అంటే పలకలో కుడి గడి అతనికి ముందు ఎదురవుతుంది, ఎడమ గడి తరవాత వస్తుంది. కల ముందు, దాని అర్థం తరవాత. పుట్టుక ముందు, మొక్కు తరవాత. కథ వేగం అడుగుల వేగంతో కలిసిపోతుంది. మ్యూజియంలో ఈ పలక ముందు నిలబడి చూస్తే ఆ సంగతి తెలియదు. కాబట్టి కాస్త కుడిపక్క నుంచి మొదలుపెట్టి, మెల్లగా ఎడమకు నడుస్తూ చూడండి. పక్కవాళ్లు ఏమనుకున్నా ఫరవాలేదు. రాయి కోరుకున్నది ఆ నడకే.

ఇక ఈ వ్యాసానికి పేరిచ్చిన పలక. నాలుగు అడుగులకు కాస్త పైన ఎత్తు, మూడు అడుగుల లోపు వెడల్పు, మందం అయిదంగుళాలకు అటూ ఇటూ. దీన్ని రెండువైపులా చెక్కారు, ఆ రెండు పనుల మధ్య సుమారు మూడు వందల ఏళ్ల దూరముంది.

మొదటి ముఖం క్రీస్తుపూర్వం 1వ శతాబ్దానిది. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న మనుషులు. చెక్కడం తక్కువ లోతు. మనుషులు దృఢంగా, కాస్త బిగుసుకుని నిలబడ్డారు. ఒక్కొక్కరికీ తన చోటుంది. శిల్పికి ఇంకా రాతిని తవ్వి నీడను పుట్టించే ఆసక్తి లేదు, గీత స్పష్టంగా ఉంటే చాలు. ఈ నిదానానికి దాని గౌరవం ఉంది. ప్రతి ముఖంలోనూ భక్తి నిటారుగా ఉంటుంది.

క్రీస్తుశకం 3వ శతాబ్దం వచ్చేసరికి స్తూపానికి కొత్త అలంకారం కావలసి వచ్చింది. పాత పలకను పారేయలేదు. తిప్పి, ఖాళీగా ఉన్న వెనకవైపు కొత్తగా చెక్కారు. దాని మీద ఏం చెక్కారంటే, మహాస్తూపాన్నే చెక్కారు. ప్రాకారం, ద్వారం, ద్వారస్తంభాల మీద కూర్చున్న సింహాలు, ఎదురుగా అయిదు ఆయకస్తంభాలు, పలకలు తొడిగిన మేధి, దండలు వేలాడుతున్న అండం, పైన ఛత్రాలు, రెండుపక్కలా ఆకాశంలో తేలుతూ వచ్చే దేవతలు. ఇవాళ మహాస్తూపం ఎలా ఉండేదో మనం ఊహించగలుగుతున్నామంటే ఇలాంటి పలకల పుణ్యమే. అసలు కట్టడం పోయినా దాని పటం దాని ఒంటి మీదే మిగిలింది.

పని పరంగా ఇది ఎంత కష్టమో ఆలోచించండి. కొండంత స్తూపాన్ని, అందులోనూ గుండ్రటి కట్టడాన్ని, నాలుగడుగుల చదును రాతి మీద చూపించాలి. ప్రాకారం ముందుంటుంది, అది అడ్డొస్తే వెనకున్న మేధి కనిపించదు. శిల్పి ప్రాకారాన్ని కిందికి దించి, ద్వారం దగ్గర తెరిచి, ఆ తెరపిలోంచి లోపలి శిల్పాలను చూపించాడు. లోపల ఉన్న పలకల మీది కథలు కూడా వేలెడంత కొలతలో ఉన్నాయి. అంటే పలక మీద చెక్కిన స్తూపం, ఆ స్తూపం మీద చెక్కిన పలకలు. కంటికి దగ్గరగా పెట్టుకుని వెతికేవాడికి ఎంత వెతికితే అంత దొరుకుతుంది. ఎక్కడా ఖాళీ రాయి లేదు, అయినా గజిబిజి లేదు. అండం గుండ్రటి అంచు పైనుంచి మొత్తాన్ని పట్టి ఉంచుతుంది. దేవతల దేహాల వాలు ఆ అంచును అనుసరించి సాగుతుంది. కళ్లు ఎక్కడ తిరిగినా మళ్లీ స్తూపం నడుముకే వస్తాయి.

రెండు ముఖాలనూ కలిపి చూస్తే ఒక శిల్పశాల పెరుగుదల మొత్తం ఒక్క రాతిలో కనిపిస్తుంది. గీత నుంచి లోతుకు, నిలబడిన మనిషి నుంచి కదిలే మనిషికి. మనవలు తాతల పనిని చెరపకుండా లోపలివైపుకు తిప్పి దాచుకుని, తమ పనిని వెలుగులో పెట్టారు. పాతదాని మీదే చెక్కేయడం వాళ్లకు తేలికే, రాయి మందం తగ్గించి మళ్లీ మొదలుపెట్టవచ్చు. అలా చేయలేదు. పాత ముఖం గోడకు ఆని, వెలుతురు తగలకుండా, అరుగుదల లేకుండా ఉండిపోయింది.

రాయి గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇది పల్నాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ కలిసిన బూడిద తెలుపు, చాలా సన్నటి రేణువు. హైటెక్ సిటీ కట్టడానికి పేల్చిన గ్రానైట్‌తో పోలిస్తే ఎంతో మెత్తన. గ్రానైట్ మీద ఉలి కొడితే రవ్వలు లేస్తాయి, సన్నటి వివరం అంత తేలిగ్గా దక్కదు. ఈ రాతి మీద వేలి గోరును, చెవిపోగు చివరను, వస్త్రం మడత అంచును కూడా తీయవచ్చు. అమరావతి శిల్పం అంత పలుచగా, అంత చురుగ్గా ఉండటానికి సగం కారణం చెయ్యి, సగం రాయి. పనివాళ్లు తమ ఊరి రాయి స్వభావం తెలుసుకుని, అది ఒప్పుకునే పనినే దాని చేత చేయించారు. కానీ ఆ మెత్తదనమే దానికి శాపమూ అయ్యింది. సున్నపురాయిని కాలిస్తే సున్నం వస్తుంది. స్తూపం శిథిలమయ్యాక ఎన్నో పలకలు సున్నపుబట్టీల్లోకి పోయాయి. ఇవాళ కూడా పల్నాడు, సూర్యాపేట జిల్లాల సున్నపురాయి సిమెంట్ ఫ్యాక్టరీలకు వెళ్తుంది. మన ఐటీ కారిడార్ మేడలు ఎదగడానికి అలాంటి రాయే పొడిగా మారి వస్తోంది.

లండన్‌కు ఇవెలా చేరాయన్నది క్లుప్తంగా చెబుతాను. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని తన రాజధానిగా చేసుకున్నప్పుడు, రాళ్ల కోసం తవ్విన దిబ్బలో ఈ పలకలు బయటపడ్డాయి. సర్వేయరు కోలిన్ మెకంజీ ఆ కబురు విని వచ్చాడు, 1816లో మళ్లీ వచ్చి తన బృందంతో బొమ్మలు గీయించాడు. ఆయనకు కుడిభుజంగా పనిచేసినవాళ్లు ఏలూరుకు చెందిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ మరింత తవ్వించి పలకలను మద్రాసుకు పంపాడు. అక్కడ ఏళ్ల తరబడి ఆరుబయట పడి ఉన్నాక 1859లో ఓడెక్కించారు. లండన్‌లోనూ వెంటనే ఆదరణ దొరకలేదు. 1867లో వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వీటిని ఫైఫ్ హౌస్‌లోని గుర్రపు బండ్ల కొట్టంలో చూసి వెలుగులోకి తెచ్చాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరి, చాలా ఏళ్లు అక్కడి పెద్ద మెట్ల దారి గోడల మీద ఉన్నాయి. గాలిలో తేమ, వేడి అదుపులో ఉండే ఈ ప్రత్యేక గదిని 1992లో తెరిచారు.

ఇవి మనవి, మన నేల మీద ఉండవలసినవి అన్న బాధ నాకుంది, దాన్ని దాచను. మహాస్తూపం ముక్కలు లండన్‌లో కొన్ని, చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియంలో కొన్ని, అమరావతిలో కొన్ని. ఒక వలయంగా కలవాలని కొలిచి చెక్కిన రాళ్లను ఇలా వేర్వేరు చోట్ల చూసి మనసులో కలుపుకోవాల్సి వస్తోంది. అయితే ఈ గదిలో రాళ్లను పట్టించుకుంటున్న తీరు మాత్రం మెచ్చుకోదగ్గది. వెలుతురు పక్క నుంచి పడేలా అమర్చడం వల్ల లోతు తెలుస్తుంది. చెన్నైలో చూసి వచ్చినవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. ఎగ్మోర్‌లో ఉన్న నలగిరి ఏనుగు పతకం, అంటే మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషులను తొక్కుతూ వచ్చి బుద్ధుడి ముందు మోకరిల్లే గుండ్రటి శిల్పం, అమరావతి పనితనంలో శిఖరం. ఒకే చట్రంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది, భీకరంగా ఒకసారి, లొంగిపోయి ఒకసారి. దానికి అంత మంచి వెలుతురు ఇస్తే ఎంత బాగుండునో.

పలకల అంచుల మీద బ్రాహ్మీలో సన్నగా రాసినవి దాతల పేర్లు. వీటిని చూడకుండా రాకండి. రాజుల పేర్లు తక్కువ. భిక్షువులు, భిక్షుణులు, గృహస్థులు, వ్యాపారులు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాళ్లు. అమరావతి శాసనాల్లో ఒకటి విధికుడనే చర్మకారుడిది. తోళ్ల పని చేసే మనిషి కుటుంబంతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలకను స్తూపానికి ఇచ్చాడు. ఒక్కొక్కరూ ఒక స్తంభం, ఒక సూచి, ఒక పలక ఇస్తే వలయం పూర్తయింది. దాత ఎవరైనా శిల్పి పని తగ్గించలేదు, చర్మకారుడి పూర్ణకుంభానికీ అదే శ్రద్ధ దక్కింది. శిల్పుల పేర్లు మాత్రం మనకు అందలేదు.

శనివారం ఖాళీ ఉంటే అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగిన దూరంలోనే, సెయింట్ పాంక్రాస్ పక్కన బ్రిటిష్ లైబ్రరీ ఉంది. మెకంజీ బృందం గీసిన అమరావతి చిత్రాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. థామస్ హికీ 1816లో వేసిన మెకంజీ తైలవర్ణ చిత్రమూ వాళ్ల దగ్గరిదే. అందులో మెకంజీ పక్కన ముగ్గురు భారతీయులు నిలబడి ఉంటారు. అమరావతి చిత్రాల్లో కొన్ని పలకలు ఇప్పుడు లండన్‌లోనూ లేవు, చెన్నైలోనూ లేవు, బట్టీల్లో కాలిపోయి ఉండొచ్చు. గీసినవాళ్లు కొలతలు వేసి, విరిగిన అంచులతో సహా ఎలా ఉన్నది అలాగే గీశారు. పరిశోధకులు ఇప్పటికీ వాటిని పట్టుకునే ఏ ముక్క ఎక్కడిదో తేల్చుకుంటున్నారు.

హైదరాబాద్ తిరిగొచ్చాక చూడవలసినవి కూడా ఉన్నాయి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే అసెంబ్లీ స్టేషన్‌కు చేరతాం, అక్కడి నుంచి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం దగ్గరే. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికి అక్కడికి చేరిన శిల్పాలు అమరావతి చేతికి దగ్గరి చుట్టాలు. వాటిలో కొన్ని 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలి బౌద్ధ కళ మీద పెట్టిన ప్రదర్శనకు కూడా వెళ్లాయి. ఫణిగిరి గుట్టకు హైదరాబాద్ నుంచి ఒక ఆదివారం పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అమరావతికి వెళ్తే ముందు మ్యూజియంలోకి కాకుండా స్తూపం దగ్గరికి వెళ్లండి. అక్కడ ఇప్పుడు మిగిలింది తక్కువే, గుండ్రటి మట్టిదిబ్బ, దాని చుట్టూ కొన్ని రాళ్లు. కానీ దారి ఉంది. స్తూపాన్ని కుడిచేతివైపు పెట్టుకుని ఒక చుట్టు తిరిగితే, లండన్‌లో గోడకు ఆనించి చూసిన పలకలు ఒక్కొక్కటీ ఎక్కడ నిలబడి ఉండేవో, ఏది ముందు ఎదురయ్యేదో కాళ్లకు తెలుస్తుంది.